కండ ఎంత, కొవ్వు ఎంత? ధాత కరువు నాటి ఒక వివాదం

తూనిక యంత్రం మీద నిలబడిన మనిషిని గురించి ఆ యంత్రం చెప్పేది ఒకే ఒక సంఖ్య. ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, నీరు ఎంత, కొవ్వు ఎంత అని అడిగితే దానివద్ద జవాబు లేదు. మన వైద్యశాలల్లోను, పాఠశాలల్లోను, ఆటస్థలాల్లోను ఇంకా ఆ ఒక్క సంఖ్య మీదనే ఎన్నో నిర్ణయాలు జరిగిపోతున్నవి.

డోన్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రైల్వేవారి పాత పట్టికల్లో ఇది ద్రోణాచలం. చిరకాలం కర్నూలు జిల్లాలో ఉండి, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. చుట్టుపక్కల రాతిగనులు ఉన్నవి. సమీపంలోని బేతంచెర్ల నాపరాళ్ళు తెలుగుదేశమంతటా ఇండ్లలో పరచుకొని ఉన్నవి. అటువంటి గనిలో సమ్మెట పట్టే కూలి ఒకడు, కచేరీలో కూర్చుండి లెక్కలు వ్రాసే గుమాస్తా ఒకడు ఉన్నారనుకుందాం. ఇద్దరి ఎత్తు 165 సెంటీమీటర్లు, ఇద్దరి బరువు 60 కిలోలు. యంత్రం దృష్టిలో ఇద్దరూ ఒకటే. కాని వారి దేహాలు ఒకటి కావని చూచినవారెవరైనా చెప్పగలరు. చూచి చెప్పగలిగిన ఆ తేడాను కొలిచి చెప్పడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం దొరకడానికి చాలాకాలం పట్టినది.

మొత్తం బరువులో నుండి కొవ్వును తీసివేస్తే మిగిలేది కండలు, ఎముకలు, రక్తం, గుండె, కాలేయం మొదలైన అవయవాలు, వాటిలోని నీరు. దీనిని "కొవ్వు మినహా దేహరాశి" అందాం. ఇంగ్లీషువారు దీనిని లీన్ బాడీ మాస్ అంటారు. నరాలలోను, ఎముకల మూలుగలోను, జీవకణాల పొరలలోను ఉండే కొద్దిపాటి కొవ్వు జీవానికి అత్యవసరం గనుక, ఆ పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడు దానిని కూడా ఇందులోనే చేర్చాడు. కొవ్వు నిలవచేసిన ధాన్యం వంటిది. కొవ్వు మినహా దేహరాశి పనిచేసే కుటుంబం వంటిది. ఆహారాన్ని ఖర్చుచేసేది ముఖ్యంగా ఈ రెండవదే. అందుచేత మనిషికి రోజుకు ఎంత తిండి కావాలి అనే ప్రశ్నకు, అతని దేహంలో పనిచేసే భాగం ఎంత అనే ప్రశ్నకు దగ్గరి సంబంధం ఉన్నది.

ఈ సంబంధం తెలియకపోవడంవల్ల ఎంత ముప్పు వస్తుందో మన రాయలసీమ చరిత్రలోనే ఒక ఘట్టం చూపుతుంది.

పౌను ధాన్యం మీద వాదం

1876లో నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ తప్పిపోయినవి. తెలుగు సంవత్సరాలలో అది ధాత. అందువల్ల ఆ కరువుకు ధాత కరువని పేరు. మద్రాసు రాజధానిలో ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి, కర్నూలు, కడప ముందున్నవి. 1871లోను, 1881లోను జరిగిన జనాభా లెక్కలను పోల్చిచూస్తే కర్నూలు జిల్లా జనసంఖ్య నాలుగవ వంతుకు పైగా తగ్గిపోయినది. వలసపోయినవారిని తీసివేసినా, చనిపోయినవారి సంఖ్య ఊహించరానిది.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లు వేయడం, చెరువులు త్రవ్వడం, కంకర కొట్టడం మొదలైన పనులు చేసినవారికి కూలి ఇచ్చేవారు. 1877 ప్రారంభంలో వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను తన ప్రతినిధిగా మద్రాసుకు పంపాడు. అంతకుముందు 1873–74లో బీహారు కరువులో టెంపుల్ ధాన్యం ధారాళంగా తెప్పించి ప్రాణాలను కాపాడాడు. దానికి మెచ్చుకోలు రాకపోగా, ఖర్చు అధికం చేశాడనే నింద వచ్చింది. ఈసారి అతడు పొదుపునే పట్టుకున్నాడు. పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద చిల్లర డబ్బు చాలునని నిర్ణయించాడు. పౌను అంటే 454 గ్రాములు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ.

దీనిని ఎదిరించినవాడు మద్రాసు రాజధాని పారిశుధ్య కమిషనరు డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్. 1871 నాటి మద్రాసు జనాభా లెక్కల నివేదికను తయారుచేసినది కూడా ఈయనే. కష్టపడి పనిచేసే మనిషికి ఒకటిన్నర పౌను ధాన్యం, దానితోపాటు పప్పు, కూరలు ఉండితీరవలెనని ఆయన వాదం. వివాదం పత్రికలకెక్కినది. చివరకు కొద్ది నెలల్లోనే మద్రాసు ప్రభుత్వం మధ్యేమార్గంగా పౌనుంపావు ధాన్యం, ఒకటిన్నర ఔన్సుల పప్పు ఇవ్వడానికి అంగీకరించింది.

ఇద్దరిలో ఎవరిది సరి? ఆనాడు దానిని తేల్చగల కొలమానం ఎవరివద్దా లేదు. ఆహారంలోని శక్తిని కెలోరీలలో లెక్కకట్టే పద్ధతి అప్పటికింకా స్థిరపడలేదు. జర్మనీలో రుబ్నరు, అమెరికాలో ఆట్‌వాటరు ఆ పని చేసినది తరువాతి దశాబ్దాలలో. అంతకన్న పెద్ద లోటు మరొకటి ఉన్నది. తిండి తక్కువైనపుడు దేహం ఆ లోటును దేనినుండి పూడ్చుకుంటున్నదో బ్రతికి ఉన్న మనిషిలో చూచే మార్గం లేదు.

కూలీలను తూచి చూడవచ్చును గదా అంటారేమో. అక్కడే మోసమున్నది. ఆకలి ముదిరినపుడు చాలామందికి కాళ్ళు, ముఖం నీరు పట్టి ఉబ్బుతవి. కండ కరిగిన చోట నీరు చేరుతుంది. తూనిక యంత్రానికి కండ ఒకటే, నీరు ఒకటే. బరువు నిలకడగా ఉన్నదని అధికారి సంతోషిస్తాడు. మనిషి మాత్రం లోపల కరిగిపోతూ ఉంటాడు.

మద్రాసు నగరంలో కరువు రోగులకు వైద్యం చేసిన అలెగ్జాండర్ పోర్టరు అనే వైద్యుడు మరణించినవారి దేహాలను పరీక్షించి, తాను చూచినదానిని 1889లో గ్రంథంగా ప్రకటించాడు. ఆకలి దేహంలో ఏమేమి హరించిపోతుందో తెలుసుకోగోరిన తరువాతి శాస్త్రజ్ఞులు ఆ గ్రంథాన్ని చదివారు. కాని శవపరీక్ష ఆలస్యంగా వచ్చే సాక్ష్యం. బ్రతికి ఉన్నప్పుడే లెక్క తెలిస్తేనే గదా తిండి పెంచి ప్రాణం నిలుపగలిగేది!

నీటిలో తూచిన మనిషి

దారి చూపినది మన విద్యార్థులందరికీ తెలిసిన ఆర్కిమిడీస్ సూత్రమే. నీటిలో ముంచిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత బరువును కోల్పోయినట్లు కనబడుతుంది. దీని ఆధారంగా వస్తువు ఘనపరిమాణం తెలుసుకోవచ్చును. బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. కిరీటంలో బంగారమెంత, వెండి ఎంత అని తెలుసుకున్న ఉపాయంతోనే దేహంలో కండ ఎంత, కొవ్వు ఎంత అని తెలుసుకోవచ్చును.

నెయ్యి నీటిమీద తేలడం మనం చూస్తూనే ఉన్నాం. దేహంలోని కొవ్వు సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 0.9 గ్రాము. కొవ్వు మినహా దేహరాశి సాంద్రత సుమారు 1.1 గ్రాము. మొత్తం దేహ సాంద్రత ఈ రెండింటి నడుమ ఎక్కడ ఉన్నదో చూస్తే, రెండు భాగాల పాళ్ళు తెలుస్తవి.

దీనిని పకడ్బందీగా ప్రయోగించినవాడు అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ. ఆయన కంటిముందున్న సమస్య సముద్రంలో లోతుకు దిగే గజ ఈతగాళ్ళది. లోతున అధిక పీడనంలో గాలిలోని నైట్రోజను దేహంలో కరుగుతుంది. నీటిలోకన్న కొవ్వులో అది సుమారు ఐదురెట్లు కరుగుతుంది. త్వరగా పైకి వస్తే బుడగలై ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ఎవరి దేహంలో కొవ్వు ఎంతో తెలియవలసివచ్చింది. 1942లో బెంకీ, ఆయన సహచరులు మనుషులను నీటిలో తూచి ఫలితాలను ప్రకటించారు. లీన్ బాడీ మాస్ అనే మాటకు వాడుక కల్పించినది ఈయనే.

ఆ ఏడాదే వారు ప్రకటించిన మరొక ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. వృత్తిరీత్యా ఫుట్‌బాల్ ఆడే 25 మంది దృఢకాయులను పరీక్షించారు. ఎత్తుకు తగిన బరువు పట్టికల ప్రకారం వారిలో 17 మంది మితిమీరిన బరువుగలవారు. సైన్యంలో చేరడానికి అనర్హులు. నీటిలో తూచి చూస్తే వారి సాంద్రత ఎక్కువగా ఉన్నది. అనగా వారి అధిక బరువు కొవ్వు కాదు, కండ! పట్టిక బలవంతులను స్థూలకాయులనుకున్నది.

సాంద్రతనుండి కొవ్వు శాతం చెప్పే సులభ సూత్రాన్ని తరువాత విలియం సిరి ఇచ్చాడు. 495ను సాంద్రతతో భాగించి, వచ్చినదానిలో నుండి 450 తీసివేయవలెను. ఒక లెక్క చేసి చూద్దాం. గాలిలో 50 కిలోలు ఉన్న యువకుడు, ఊపిరి పూర్తిగా వదలి నీటిలో మునిగినపుడు 2.3 కిలోలు తూగాడనుకోండి. తొలగిన నీరు 47.7 కిలోలు, అనగా సుమారు 47.7 లీటర్లు. ఎంత ఊపిరి వదలినా ఊపిరితిత్తులలో కొంత గాలి మిగులుతుంది, అది 1.2 లీటర్లు అనుకుంటే దేహ ఘనపరిమాణం 46.5 లీటర్లు. సాంద్రత 1.075. సూత్రం ప్రకారం కొవ్వు సుమారు 10.3 శాతం, అనగా 5 కిలోలకు కొంచెం పైన. మిగిలిన 45 కిలోలకు కొంచెం తక్కువ కొవ్వు మినహా దేహరాశి.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో రాళ్ళతోను, కొయ్యముక్కలతోను చేయించవచ్చును. మనుషులను బావులలోను, చెరువులలోను ముంచి చేసే ప్రయోగం మాత్రం కాదిది. ఊపిరి వదలి మునగడం ప్రమాదకరం. దానికి తగిన పరికరాలు, నిపుణులు ఉండవలెను.

రసాయన శాస్త్రం చెప్పిన సాక్ష్యం

బెంకీ నీటిలో తూచడానికి దాదాపు నాలుగు దశాబ్దాల ముందే, రసాయన శాస్త్రజ్ఞులు మరొక మార్గాన కండను సమీపించారు. మన మూత్రంలో క్రియేటినిన్ అనే పదార్థం పోతూ ఉంటుంది. అమెరికాలో ఓటో ఫోలిన్ 1905లో దీనిని గురించి ఒక విచిత్రాన్ని గమనించాడు. మాంసం లేని ఆహారం తీసుకునే మనిషి, ఎక్కువ తిన్నా తక్కువ తిన్నా, రోజుకు విసర్జించే క్రియేటినిన్ దాదాపు మారదు. మనిషి మనిషికి మాత్రం మారుతుంది. అంతేకాదు, లావుపాటివారిలో కిలో బరువుకు వచ్చే క్రియేటినిన్ తక్కువ. అంటే ఈ పదార్థానికి మూలం కొవ్వు కాదు. కొవ్వు కాని భాగం.

ఆ మూలం కండలోని క్రియేటిన్ అని తరువాత స్థిరపడింది. అయితే కండలో క్రియేటిన్ చేసే పని ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబులో ఒక తెలుగువాని పేరు ఉన్నది. ఆయన 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డు వైద్యకళాశాలలో, ఫోలిన్ ఆధిపత్యం క్రింద ఉన్న జీవరసాయన శాఖలో, సైరస్ ఫిస్కేతో కలసి ఆయన పనిచేశాడు. 1925లో ఇద్దరూ ఫాస్ఫరసును రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడినది దానినే. ఆ పద్ధతితో కండను పరీక్షించుచుండగా, క్రియేటిన్ ఫాస్ఫేటుతో జతగూడి ఉన్నదని తేలింది. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ వెల్లడి అయింది. కండ ముడుచుకున్నపుడు ఆ జత విడిపోతుంది. విశ్రాంతిలో మళ్ళీ కలుస్తుంది. తక్షణం అందవలసిన శక్తికి అది చేతిలో చిల్లర వంటిది. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ కనుగొన్నారు.

సుబ్బారావు కండను తూచే ఉద్దేశంతో ఆ పని చేయలేదు. కాని క్రియేటిన్ కండకు ఎందుకు అంటిపెట్టుకొని ఉంటుందో ఆ పరిశోధనవల్ల తెలిసింది. దేహంలోని క్రియేటిన్‌లో అత్యధిక భాగం కండలలోనే ఉన్నది. దానిలో రోజుకు నూటికి రెండుపాళ్ళకు కొంచెం తక్కువ దానంతటదే క్రియేటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కాబట్టి 24 గంటల మూత్రమంతా సేకరించి క్రియేటినిన్ కొలిస్తే, కండ ఎంత ఉన్నదో అంచనా వేయవచ్చును. ఒక గ్రాము క్రియేటినిన్ సుమారు 17 నుండి 20 కిలోల కండకు గుర్తు. మాంసాహారం తిన్నా, ఒక పూట మూత్రం సేకరించడం తప్పినా, మూత్రపిండాలు సరిగా లేకపోయినా లెక్క చెడుతుంది. అయినా ఒక చెంబులోని ద్రవం దేహంలోని కండను గురించి సాక్ష్యమివ్వడం చిన్న విషయం కాదు.

తరువాత మరికొన్ని ఉపాయాలు వచ్చినవి. కొవ్వులో నీరు దాదాపు లేదు. కొవ్వు మినహా దేహరాశిలో సుమారు 73 శాతం నీరే అని 1945లో పేస్, రాత్‌బన్ చూపారు. దేహంలోని నీటిని కొలవగలిగితే, దానినుండి మిగతా లెక్క వస్తుంది. అట్లే దేహంలోని పొటాషియం చాలావరకు కణాల లోపల ఉంటుంది. అందులో సహజంగానే కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్నది. 1961లో గిల్బర్ట్ ఫోర్బ్స్, ఆయన సహచరులు ఆ సన్నని కిరణాలను లెక్కించి కొవ్వు మినహా దేహరాశిని అంచనా వేశారు.

మిన్నెసోటా ఆకలి పరీక్ష

కొలిచే సాధనాలు చేతికి వచ్చిన తరువాత, 1877 నాటి ప్రశ్నకు అనుకోకుండా జవాబు దొరికింది. అది కూడా కర్నూలుకు ఎంతో దూరాన, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో.

రెండవ ప్రపంచయుద్ధం చివరి రోజులలో ఐరోపా ఆకలితో అలమటిస్తున్నది. ఆకలిగొన్నవారిని తిరిగి ఎట్లా కోలుకునేట్లు చేయాలో తెలుసుకోవడానికి ఆన్సెల్ కీస్ 1944 నవంబరులో ఒక పరిశోధన ప్రారంభించాడు. మతవిశ్వాసంవల్ల ఆయుధం పట్టడానికి నిరాకరించిన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. మొదట వారికి కడుపునిండ తిండి పెట్టి దేహాలను కొలిచారు. పిదప 24 వారాలపాటు అర్ధాకలి. రోజుకు సగటున సుమారు 1,570 కెలోరీలు.

ఆ ఆరునెలలలో వారి బరువు దాదాపు నాలుగవ వంతు తగ్గింది. నీటిలో తూచి చూడగా అసలు సంగతి బయటపడింది. కొవ్వు మూడింట రెండు వంతులకు పైగా పోయినది. కండ సుమారు 40 శాతం పోయినది. ఇంత కండ పోయినా బరువు ఆ మేరకు తగ్గకపోవడానికి కారణం దేహంలో చేరిన నీరు. కాళ్ళు ఉబ్బినవి. గుండె వేగం మందగించింది. మనుషులు చలికి తాళలేకపోయారు, ఏ పనిమీదా మనసు నిలుపలేకపోయారు, తిండి తప్ప మరొకటి తలచలేకపోయారు. 1950లో కీస్ బృందం ఈ ఫలితాలను రెండు సంపుటాల గ్రంథంగా ప్రచురించింది.

ఇప్పుడు మనం ధాత కరువుకు తిరిగిపోదాం. 100 గ్రాముల జొన్న గాని బియ్యం గాని సుమారు 330 నుండి 350 కెలోరీల శక్తి ఇస్తుంది. కాబట్టి టెంపుల్ నిర్ణయించిన పౌను ధాన్యంలో ఉన్న శక్తి సుమారు 1,500 నుండి 1,600 కెలోరీలు. మిన్నెసోటా యువకులను అస్థిపంజరాలుగా చేసిన ఆహారం, కర్నూలు, బళ్ళారి జిల్లాల కూలీలకు "చాలును" అని నిర్ణయించిన ఆహారం ఇంచుమించు సమానం!

అయితే మన కూలీలు అమెరికా యువకులకన్న చిన్నవారు గదా, వారికి తక్కువ చాలదా అని ఒకరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానం చెప్పగలిగేది కొవ్వు మినహా దేహరాశియే. విశ్రాంతిగా ఉన్నపుడు దేహం రోజుకు ఖర్చుచేసే శక్తిని ఈ సూత్రంతో అంచనా వేస్తారు: కొవ్వు మినహా దేహరాశిని కిలోలలో తీసుకొని 21.6తో హెచ్చించి 370 కలపవలెను. 45 కిలోల కూలి దేహంలో 40 కిలోలు కొవ్వు మినహా రాశి అనుకుందాం. విశ్రాంతి ఖర్చు సుమారు 1,230 కెలోరీలు. పగలంతా మట్టి మోసి, కంకర కొట్టేవానికి దీనికి రెట్టింపు కావలెను. అనగా సుమారు 2,450.

పౌను ధాన్యంతో రోజుకు సుమారు 900 కెలోరీల లోటు. చేతికి వచ్చిన చిల్లరతో ఉప్పు, మిరప, వంటచెరకు కొనవలసిందే. లోటు దేహంమీద పడుతుంది. కిలో కొవ్వు కరిగితే సుమారు 7,700 కెలోరీలు వస్తవి. అటువంటి బక్కవానిలో ఖర్చుచేయదగిన కొవ్వు మూడు, మూడున్నర కిలోలకు మించదు. అదంతా కరిగితే ఒక నెల గడుస్తుంది. తరువాత మిగిలేది కండ. కండలో మూడు వంతులు నీరే గనుక కిలో కండ కరిగినా వేయి కెలోరీలు రావు. అంటే ఒక్కొక్క రోజు లోటుకు ఇంచుమించు ఒక కిలో కండ! ఆకలిగొన్న దేహం ఖర్చు తగ్గించుకొని, పని మందగించి, ఈ నాశనాన్ని కొంత వాయిదా వేస్తుంది. కాని తప్పించలేదు. పని మందగించిన కూలిని సోమరి అనడం మాత్రం సులభం.

కార్నిష్ అడిగిన ఒకటిన్నర పౌను, అనగా 680 గ్రాముల ధాన్యంలో సుమారు 2,250 నుండి 2,380 కెలోరీలు ఉన్నవి. పప్పు, కూరలు చేరితే మన లెక్కకు వచ్చిన 2,450కి సరిపోతుంది. మద్రాసు ప్రభుత్వం ఒప్పుకున్న మధ్యేమార్గం సుమారు 2,000 నుండి 2,130 కెలోరీలు. ఇవన్నీ అంచనాలే; ఒక్కొక్క మనిషికి కొద్దిగా మారవచ్చును. అయినా తీర్పు స్పష్టం. కొలమానం లేనికాలంలో కూడా, మనుషులను దగ్గరగా చూచిన వైద్యుని అంచనా, ఖజానాను దగ్గరగా చూచిన అధికారి అంచనాకన్న నిజానికి చేరువగా ఉన్నది.

సూత్రాలు, వాటి హద్దులు

ప్రతి ఊరిలోను మనుషులను నీటిలో తూచడం సాధ్యం కాదు. అందుచేత ఎత్తు, బరువు మాత్రమే తీసుకొని కొవ్వు మినహా దేహరాశిని చెప్పే సూత్రాలను శాస్త్రజ్ఞులు తయారుచేశారు. 1966లో హ్యూమ్, 1976లో జేమ్స్, 1984లో బోయర్ ఇచ్చిన సూత్రాలు ప్రసిద్ధమైనవి. కొన్ని మందుల మోతాదు నిర్ణయించడానికి వైద్యులకు ఇవి ఉపయోగపడుతున్నవి.

హ్యూమ్ సూత్రం పురుషులకు ఇది: బరువును 0.3281తో, ఎత్తును 0.33929తో హెచ్చించి, రెండూ కూడి, 29.5336 తీసివేయవలెను. బోయర్ సూత్రం: బరువును 0.407తో, ఎత్తును 0.267తో హెచ్చించి, కూడి, 19.2 తీసివేయవలెను. మనం మొదట చెప్పుకున్న 60 కిలోల, 165 సెంటీమీటర్ల డోన్ మనుషులకు ఇవి వేసి చూద్దాం. హ్యూమ్ ప్రకారం 46.1 కిలోలు. బోయర్ ప్రకారం 49.3 కిలోలు. జేమ్స్ సూత్రంతో 49.1 వస్తుంది. సూత్రానికి సూత్రానికి మధ్యనే మూడు కిలోల తేడా!

అంతకన్న ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఏ సూత్రం వాడినా గని కూలికి, గుమాస్తాకు ఒకే జవాబు వస్తుంది. ఎత్తు, బరువు తప్ప సూత్రానికి మరేమీ తెలియదు గదా! అది చెప్పేది వేరొకచోట కొలిచిన కొందరి సగటు. మన ఎదుట నిలబడిన మనిషి దేహం కాదు. జేమ్స్ సూత్రంలో మరొక వింత ఉన్నది. 165 సెంటీమీటర్ల పురుషుడు సుమారు 117 కిలోలు దాటిన తరువాత, బరువు పెరిగినకొద్దీ కొవ్వు మినహా దేహరాశి తగ్గుతుందని అది చెపుతుంది. నిజానికి లావైన దేహాన్ని మోయడానికి కండ కూడా పెరుగుతుంది. సూత్రాన్ని దాని హద్దు దాటించి వాడితే కలిగే ఫలితమిది. గణితం బోధించేవారికి ఇది మంచి ఉదాహరణ.

కూలికి, గుమాస్తాకు ఉన్న తేడాను పట్టగల చౌక సాధనం కొలత టేపు, చర్మపు మడతను కొలిచే పట్టుకారు. మోచేతికి, భుజానికి నడుమ చేతి చుట్టుకొలత తీసుకొని, వెనుకవైపు చర్మపు మడత మందాన్ని 3.14తో హెచ్చించి అందులోనుండి తీసివేస్తే, కండ చుట్టుకొలత వస్తుంది. ఇద్దరి చేయి 26 సెంటీమీటర్లే ఉండవచ్చును. ఒకని మడత 0.6, మరొకని మడత 1.5 సెంటీమీటర్లు అయితే, మొదటివాని కండ చుట్టుకొలత 24.1, రెండవవానిది 21.3. ఇప్పుడు ఇద్దరు మనుషులు ఇద్దరుగా కనబడుతున్నారు.

నేడు సన్నని విద్యుత్తును దేహం గుండా పంపి నీటిపాలు అంచనా కట్టే యంత్రాలు, రెండు తరగతుల ఎక్స్ కిరణాలతో ఎముక, కొవ్వు, మిగిలిన భాగం వేరుచేసి చూపే డెక్సా యంత్రాలు వచ్చినవి. మొదటిది చౌక; కాని మనిషి నీరు తాగినా, చెమటపట్టినా, కాళ్ళు ఉబ్బినా తడబడుతుంది. రెండవది మేలైనది, పెద్ద ఆసుపత్రులలోనే దొరుకుతుంది.

మనవారి దేహాలను మనం కొలుచుకోవడం

1918లో మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన పోషణ పరిశోధన శాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి దానిపేరు జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ ఆధ్వర్యాన 1972లో ఏర్పడిన జాతీయ పోషణ పర్యవేక్షణ సంస్థ, ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల పల్లెలలో జనం ఏమి తింటున్నారో, వారి దేహాలు ఎట్లా ఉన్నవో దశాబ్దాలపాటు కొలిచింది. 1877లో లేని సాక్ష్యం ఈ విధంగా చేతికి వచ్చింది.

మనవారిని మనం కొలుచుకోవడం ఎందుకు అవసరమో చెప్పే మరొక ఉదాహరణ ఉన్నది. పూణేకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ దేహాలనే పోల్చి ప్రకటించారు. ఎత్తు బరువుల నిష్పత్తిని తెలిపే దేహసూచి ఇద్దరికీ 22.3. ఇంగ్లండు వైద్యుని దేహంలో కొవ్వు 9.1 శాతం, పూణే వైద్యుని దేహంలో 21.2 శాతం. సన్నగా కనబడే భారతీయునిలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండవచ్చును. మనదేశంలో లావు లేనివారికి కూడా మధుమేహం రావడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు. పూణే ప్రాంతంలో పుట్టిన శిశువులలో కూడా ఈ లక్షణం కనబడింది. తల్లి గర్భంలో తిండి తక్కువైనపుడు కండకు కోతపడి, కొవ్వు నిలిచిపోతున్నది. ఒక తరం ఆకలి మరొక తరం దేహంలో ఈ రూపంలో కొనసాగడానికి అవకాశమున్నది.

కొలవడానికి ఎప్పుడూ పెద్ద యంత్రమే కావాలని లేదు. అంగన్‌వాడీలో ఆరునెలలు దాటి ఐదేండ్లలోపు ఉన్న బిడ్డ చేతికి రంగుల పట్టీ చుట్టి చూస్తారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే బిడ్డ తీవ్రమైన ఆకలి ప్రమాదంలో ఉన్నట్లు లెక్క. వెంటనే చికిత్స కావలెను. ఆ పట్టీ కొలిచేది చేతిలోని కొద్దిపాటి కండను, కొవ్వును. చేతి ఎముక చుట్టూ ఏమి మిగిలి ఉన్నదో అదే చెపుతుంది. పాదాలు నీరు పట్టి బరువు మోసపుచ్చినపుడు కూడా ఆ పట్టీ చాలావరకు నిజమే పలుకుతుంది.

ఉపాధ్యాయులు పాఠశాలలో పిల్లల ఎత్తు, బరువు వ్రాసుకునేటప్పుడు పక్కన మరొక గడి గీసి చేతి చుట్టుకొలత కూడా వ్రాయించవచ్చును. దానికి ఖర్చయ్యేది ఒక కుట్టుపని టేపు మాత్రమే. ఏడాదికి రెండుసార్లు కొలిచి, ఆ అంకెలను విద్యార్థులచేతనే గ్రాఫు గీయిస్తే, గణితమూ, జీవశాస్త్రమూ ఒకేచోట నేర్చుకున్నట్లవుతుంది. బరువు పెరుగుతూ చేయి పెరగని బిడ్డ ఎవరైనా ఉంటే ఆ గ్రాఫులో తెలిసిపోతుంది. ఆ బిడ్డను వైద్యునికి చూపించవలెను.